మింగకుండా అరగంట

పడుకోబెట్టక ముందే చెప్పింది డాక్టరమ్మ,
నా మొహానికి ఎదురుగా, పెదాలు బాగా కదిపి:
"సూది తీశాక అరగంట
మాట్లాడకూడదు, ఆవులించకూడదు,
ఉమ్మి కూడా మింగకూడదు.
మింగితే మందు గొంతులోకి జారిపోతుంది."

కర్ణభేరిలో సూది దిగినప్పుడు
నొప్పి కాదు,
తల లోపల ఎవరో గోలీసోడా కొట్టినట్టు.
తర్వాత బల్ల
కెరటమెక్కిన తెప్పలా ఒక్కసారి ఒరిగింది.
సిస్టర్ మరియరత్నం నా చేతిలో స్టీలు గిన్నె పెట్టి
గోడ గడియారం చూపించింది.

ఎడమ చెవి పైకి. కుడి చెవి దిండులో.
ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ చూడలేదు.

నన్నా, మాట్లాడొద్దని!
పాతికేళ్ళుగా ఫిషింగ్ హార్బర్‌లో పాట పాడేదాన్ని.
పాటంటే మీరనుకునే పాట కాదు.
కోనాం గంప ముందు నిలబడి
రెండు వేలా, రెండున్నరా,
ఎవరన్నారు, ఎవరన్నారని
ఎడమ నుంచి కుడికి తల తిప్పే పాట.

ఆ తెల్లారి ఎడమవైపు ఎవరూ పాడలేదు.
కుడివైపు రెండు వేలకే కొట్టేశాను.
మాసేనమ్మ వచ్చి భుజం పట్టుకుని ఊపేసింది.
"మూడేలన్నానే! ముమ్మారన్నాను!"
ఆ అరుపు నాకు
గోడవతల రేడియోలా వినపడింది.
రాత్రి రెండు చెవులతో పడుకున్నాను,
ఒకదానితో లేచాను.
రెండోదాంట్లో ఐసు మిషను
ఎవరూ కట్టేయకుండా తిరుగుతూనే ఉంది.
తగ్గిన వెయ్యీ ఓనరు ధనరాజు నా కూలిలో కోసుకున్నాడు.

పది రోజులు మాత్రలు మింగాను.
మొహం ఉబ్బింది, షుగరు పెరిగింది,
అర్ధరాత్రి లేచి చద్దన్నం తిన్నాను.
ఒళ్ళంతా తిరిగిన మందు
చెవి గడప మాత్రం ఎక్కలేదు.
డాక్టరమ్మ చీటీ వెనకాల నత్తగుల్ల గీసింది.
నెత్తుట్లోంచి వచ్చేదాన్ని అది సులువుగా రానివ్వదట,
కాపలా గట్టిదట.
వలలో పడితే తీసి పారేసే గుల్ల,
దానికింత బిగువేంటని నవ్వొచ్చింది.

గుల్ల పక్కన చిన్న సున్నా చుట్టి
"ఇది కిటికీ. దీని దగ్గర మందు కాసేపు నిలబడితే
మెల్లగా ఇంకుతుంది" అంది.
అప్పుడర్థమైంది.

డాల్ఫిన్ నోస్ కింద సన్నటి కాలవ.
ఎంత సరుకున్నా సరే
ఓడ బయట సంద్రంలో లంగరేసుకుని ఉండాల్సిందే,
పైలట్ పడవ వచ్చి పిలిచేదాకా.

అందుకే మింగట్లేదు.
నోరూరుతోంది, పాడు నోరు,
ఇప్పుడే గుర్తు రావాలా దానికి ఎండు నెత్తళ్ళ పులుసు.
గిన్నె తడుస్తోంది.
ఎదుటి మంచం మీద షిప్‌యార్డు మనిషి.
రెండు చెవులూ పోయాయట.
వాళ్ళావిడ అతని అరచేతిలో వేలితో ఏదో రాస్తోంది.
అతను తలూపి,
ఆవిడ చేయి తిప్పి, జవాబు రాశాడు.
ఆవిడ సిగ్గుపడింది.
ఏం రాశాడో.

ఇది మూడో సూది.
"సన్నటి చప్పుళ్ళు కిటికీకి దగ్గర,
మందు ముందు వాటికే అందుతుంది.
బరువు చప్పుళ్ళు గుల్ల కొసన ఉంటాయి.
అక్కడిదాకా వెళ్తుందని మాటివ్వలేను."
అంటే
మాసేనమ్మ కీచుగొంతు తిరిగి రావచ్చు,
సంద్రం హోరు రాకపోవచ్చు.
కాటాలో రెండూ పెట్టి చూసుకున్నాను.
సంద్రం ఎక్కడికీ పోదు, కుడి చెవి నిండా ఉంది.
మాసేనమ్మే
ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు.
మాట్లాడినా నాకు వినపడటం లేదేమో.

గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలు.
సిస్టర్ వచ్చి గిన్నె తీసుకుని
నా వెనకెక్కడో పెట్టింది.

కుడి చెవి దిండులోనే ఉంది.
అయినా
ఎడమవైపు, జెట్టీ అవతలంత దూరంలో,
స్టీలు మీద స్టీలు
గీరుకున్నట్టు
సన్నగా.

నిజమో, ఆశో.
పిడికిలి బిగించి నోరు మూసుకున్నాను.
లోపల మాత్రం తల తిరిగింది ఎడమకి:
ఎవరన్నారు?
ఎవరన్నారు?